వర్ని బురదలో నాయకుడూ నేనూ

కొత్తగా పత్రికలో చేరిన ఆ రోజుల్లో, విలేకరి అంటే అందరికంటే ముందు పరుగెత్తేవాడని నాకు గట్టి నమ్మకం. నిజామాబాద్ ఆఫీసులో నాకు జతపడిన ఫోటోగ్రాఫర్ మాత్రం మాటకు ముందు "ఆగు తమ్మీ" అనేవాడు. అందుకే చాటున ఆయన్ని ఆగన్న అనేవాళ్లం (ఆయనకు తెలుసు, తెలియనట్టు ఉండేవాడు). జిల్లా నాయకులు గెలిచిన నాడూ ఓడిన నాడూ ఎలా ఉంటారో ఆయనకు తెలిసినంతగా వాళ్ల ఇంట్లోవాళ్లకు కూడా తెలియదు.

ఎన్నికలు దగ్గరపడ్డ ఒక యాసంగిలో, రబీ వరినాట్లప్పుడు, వర్ని దగ్గర ఓ నాయకుడు పొలంలో దిగి నాటు వేస్తానన్నాడు. బోధన్ నుంచి కూడా పత్రికలవాళ్లు వచ్చి గట్టు మీద బారులు తీరారు. ఆయన తెల్ల ప్యాంటు మడిచి, నారుకట్ట పట్టుకుని, కెమెరాల వైపు నవ్వుతూ నాలుగడుగులు వేశాడో లేదో, కాలు దిగబడి వెల్లకిలా పడ్డాడు. "తియ్యన్నా, తియ్యి!" అని అరుస్తూ నేను ముందుకు దూకాను. నా కొత్త బూట్లు బురదలోనే ఉండిపోయాయి. నేను ఆయన పక్కనే బోర్లా పడ్డాను. కెమెరాలన్నీ టకటకలాడాయి. మా ఆగన్న మాత్రం కెమెరాను వీపు మీదికి తోసుకుని, పొలంలోకి దిగి, ముందు ఆయన్ని, తర్వాత నన్ను లేపాడు.

"ఫోటో పాయె గదన్నా!" అన్నాను ఏడుపు గొంతుతో.

"గది మస్తు మంది తీసిండ్రు తియ్. ఆగు తమ్మీ."

మిగతా వాళ్లంతా ఫోటోలు పంపే తొందరలో వెళ్లిపోయారు. అప్పుడు నాటు వేస్తున్న ఓ అవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుని నాయకుడి ముందుకొచ్చింది. "ఏం సారూ, పొద్దుగాల సంది నడుములిరగ నాటేసినం. అంత తొక్కితివి గదా! నిలవెట్టి పో."

"తప్పైంది అవ్వా" అంటూ ఆయన వంగి, ఒక్కో మొక్కా సరిచేశాడు. అవ్వ పైనుంచి వేలు చూపిస్తోంది. ఆగన్న ఒక్కసారే కెమెరా నొక్కాడు.

మర్నాడు పత్రికలన్నిట్లో పడిపోయిన నాయకుడే (పక్కనున్న వీపు నాదేనని మా బాపు వెంటనే గుర్తుపట్టాడు). మా పేపర్లో అవ్వ. బస్టాండులో జనం మా పేపరే చేతులు మార్చుకుంటూ చూశారు. ఆగన్న ఆ ఫోటో కడిగించి, పనిగట్టుకుని వర్ని వెళ్లి అవ్వ చేతిలో పెట్టాడు. ఆమె నాయకుణ్ణి చూడలేదు, తనను చూసుకోలేదు. "గీ మడి మాదే! నారు ఎంత మంచిగ పడ్డదో సూడు" అని మురిసిపోయింది. అంతకంటే పెద్ద బహుమానం ఏ సభలోనూ ఆగన్న అందుకోలేదని నాకిప్పటికీ అనిపిస్తుంది.

ఆగన్న రిటైరై చాలా ఏళ్లయింది. మొన్న డిచ్‌పల్లి సభలో మెట్లు దిగుతూ ఓ పెద్దాయన తూలాడు. పరుగున వెళ్లి పట్టుకున్నాను. ఆయన నిలదొక్కుకున్నాక చూసుకుంటే, నా చెయ్యి ఒకటి ఆయన భుజం మీద ఉంది. రెండోది ఫోటో కోసం నా జేబులో ఫోన్ వెతుకుతోంది. ఇంత వయసొచ్చినా నేను సగమే బాగుపడ్డాను.