కన్నులు చెక్కే ముందు

నంద్యాలలో సైకాలజిస్టుగా పదవీ విరమణ చేసిన మరుసటి ఏడాది, కరోనా రెండో అల తగ్గుముఖం పట్టాక, ఒక స్వచ్ఛంద సంస్థ నన్ను ఆన్‌లైన్ కౌన్సెలింగ్‌కు తీసుకుంది. నాకు ఆళ్లగడ్డ ప్రాంతం అప్పగించారు. ఒత్తిడి, తాగుడు, ఆలుమగల తగవులు, ఏదైనా వీడియో కాల్‌లోనే. మందులు రాసే అధికారం సైకాలజిస్టుకు లేదు. మేము మాట్లాడతాం, ప్రమాదం కనబడితే ఆసుపత్రికి పంపుతాం. అందుకే మొదటి కాల్‌లోనే దగ్గరుండే మనిషి ఫోన్ నంబరు ఒకటి తీసుకోవాలని నియమం.

బ్రహ్మయ్య రాతి శిల్పి. పొద్దున లేవగానే తాగనిదే ఉలి పట్టలేని స్థితికి వచ్చాడు. అతని భార్య లక్ష్మమ్మ బలవంతం మీద నాతో మాట్లాడాడు. నేను ఇంట్లో ఉన్నా ఇస్త్రీ చొక్కా లేనిదే కెమెరా ముందుకు రాను. అతను కాసేపు చూసి, "రాయికన్నా నిటారుగా కూచున్నారు సార్, మిమ్మల్ని చెక్కేది సులభం" అన్నాడు. నా ఇంటిపేరు వినగానే మాత్రం సర్దుకున్నాడు. గడివేముల దగ్గర మా ఇంటికి నందిని చెక్కింది వాళ్ల తాతేనట. ఆ ఇల్లు అమ్ముడుపోయిందనీ, నంది దానితోపాటే పోయిందనీ నేను చెప్పలేదు.

ఏళ్ల తరబడి తాగినవాడు ఒక్కసారిగా ఆపితే శరీరం తిరగబడుతుంది. చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, లేనివి కనబడతాయి, ఫిట్స్ వస్తాయి. ప్రాణం పోవచ్చు. దీన్ని విత్‌డ్రాయల్ అంటాం. ఆసుపత్రిలో చేర్చుకుని, మందులిస్తూ మాన్పించడం పద్ధతి. ఇదంతా అతనికి చెప్పి, అతని నోట మళ్లీ చెప్పించుకున్నాను. పాణ్యం వైపు ఒక ఊరికి అమ్మవారి విగ్రహం ఇవ్వాల్సి ఉందనీ, అది కాగానే చేరతాననీ ఒప్పుకున్నాడు.

మూడో కాల్‌లో అతని ముఖం తప్ప ఇంకేమీ కనబడలేదు. అంతకుముందు చేతులు ఊపకుండా ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. నుదుటి మీద చెమట ధారగా కారుతోంది. ఎప్పటినుంచి తాగలేదని అడిగాను. విగ్రహానికి కన్నులు చెక్కే ముందు మద్యం ముట్టకూడదనీ, షెడ్డులో ఒంటరిగా ఉండాలనీ వాళ్లింటి ఆచారమట. ఒక్కసారిగా మానవద్దని చెప్పాను కదా అన్నాను.

"నేనేడ మానినా సార్? అమ్మకు కన్ను తెరిచేదాకా ముట్టను, అంతే. ఆమీట తాగుతా."

చేతులు చూపించమన్నాను.

"మీ ఇంటికి నందిని చెక్కిన వంశం సార్ మాది. ఈ చేతులు మీకు చూపీను" అని ఫోన్ పెట్టేశాడు. తిరిగి చేస్తే ఎత్తలేదు.

ఆ మాట నాకు అర్థమైంది. అతని చోట ఉంటే నేనూ చూపించేవాణ్ని కాను.

లక్ష్మమ్మకు ఫోన్ చేశాను. ఆమె గొంతులో అంత సంతోషం అంతకుముందు వినలేదు. "మీ పుణ్యం సార్, మూడు దినాలాయ చుక్క ముట్టక" అంది. లోపలికి పోయి చూడమన్నాను. కన్ను తెరిచేదాకా ఆడవాళ్లు షెడ్డులో అడుగు పెట్టకూడదంది. లోపల ఎవరితోనో మాట్లాడుతున్నాడని మెల్లగా చెప్పింది.

"ఎవరున్నారు లోపల?"

"ఎవురూ లేరు సార్. అమ్మతో మాట్లాడతాండాడేమో."

తలుపు పగలగొట్టమన్నాను. 108కి నేనే ఫోన్ చేశాను. ఆమె పరుగున పోయి మరిదిని పిలుచుకొచ్చింది. అతను నియమం తప్పకూడదని తలస్నానం చేసి, తడిబట్టలతో తలుపు తీశాడట. అప్పటికే ఫిట్స్ వచ్చి పోయాయి. నంద్యాల ఆసుపత్రికి వచ్చే దారిలో, అంబులెన్సు శిరివెళ్ల దాటకముందే ప్రాణం పోయింది. కన్నులు ఇంకొక శిల్పి చెక్కాడు.

కర్మకాండలయ్యాక లక్ష్మమ్మ ఫోన్ చేసింది. నిందించలేదు. "మానల్ల అంటిరి, మానె గద సార్. మల్ల యాడ తప్పు జరిగింది?" అని అడిగింది. వైద్యపరంగా వివరించాను. విన్నది, పెట్టేసింది. ఆ వివరణ ఆమెకు దేనికీ పనికిరాలేదు.

ఆ తర్వాత నా పద్ధతిలో రెండు మార్పులు చేసుకున్నాను. తాగుడు 'మానడం' అనే మాట వాడను. ఏ దేవుడి కోసమైనా, ఏ మొక్కు కోసమైనా, ఒక్క పూట ఆపాలన్నా ముందు నాకు చెప్పమంటాను. నంబరు తీసుకునేటప్పుడు దగ్గరుండేవాళ్లది అడగను. అన్ని వేళలా ఆ గదిలోకి అడుగుపెట్టగల మనిషిది అడుగుతాను. చాలామంది కాసేపు ఆలోచించి, అట్లాంటివాళ్లు ఎవరూ లేరంటారు.