పసుపు పూసిన మోటారు

మాధవరం రేవులో నేను బొరుగులు అమ్ముకునే రోజుల్లో మోటారు పడవ నడపడం తెలిసినవాడు ఉచ్చీరప్ప ఒక్కడే. అంతకుముందు ఆదోనిలో పత్తి మిల్లు ఇంజనుకు నూనె పోస్తూ బతికాడు. ఎమ్మిగనూరు షావుకారు ఒకాయన పడవ కొని వెనక మోటారు తగిలించినప్పుడు, ఇంజను తెలిసిన మనిషని ఇతణ్ణి పిలిపించాడు. భార్య తిప్పమ్మ, నాలుగు మేకలు, అంతే సంసారం. పిల్లల్లేరు. పెళ్ళాం గీసిన గీత దాటడని ఊరంతా ఎగతాళి చేస్తే నవ్వి ఊరుకునేవాడు.

ఆ మోటారును అతను చూసుకున్నట్లు కన్నబిడ్డను కూడా ఎవరూ చూసుకోరు. మహానవమి నాడు మిల్లులో ఇంజనుకు పూజ చేసినట్లే దీనికీ చేశాడు. కడిగి తుడిచి, పసుపు కుంకుమ నూనెలో కలిపి ఒళ్ళంతా పూశాడు. అంతటితో ఊరుకుంటేనా! పైనున్న చక్రానికి ఒక కంత ఉంటే, అందులోకి వేలు దూర్చి లోపల కూడా బొట్టు పెట్టాడు. ఏందప్పా ఇదంటే, నిప్పు పుట్టేది ఆడనే, దేవుడుండేదీ ఆడనే అన్నాడు. మిల్లులోది డీజిలు ఇంజను. దానికి నిప్పురవ్వతో పనిలేదు, ఎంత పసుపు పూసినా చెల్లింది.

మర్నాడు దశమి. మగవాళ్ళు సగం మంది దేవరగట్టు కర్రల జాతరకు పోయారు. తిప్పమ్మ పొద్దున్నే మేకలను తోలుకొని, మోకాటి లోతు నీళ్ళలో నది నడుమ దిబ్బకు పోయింది. ఎగువన ఎక్కడ కురిసిందో ఏమో, మధ్యాహ్నానికి ఎర్రనీళ్ళు దిగాయి. చూస్తుండగానే దిబ్బ చుట్టూ సుడులు. చేపలు పట్టే జయన్న బుట్టలాంటి తన పుట్టి దించాడు గానీ అది గిరగిరా తిరిగి దిగువ గట్టుకు కొట్టుకుంది. ఇక మోటారే దిక్కు.

ఉచ్చీరప్ప మోటారు చక్రానికి తాడు చుట్టి గుంజాడు. పలకలేదు. ఎన్నిసార్లు గుంజినా అంతే. పెట్రోలు చూశాడు, ఉంది. ప్లగ్గు ఊడదీసి, వైరు తగిలించే ఉంచి, దాన్ని ఇనుముకు ఆనించి పట్టుకొని నన్ను తాడు గుంజమన్నాడు. దాని కొనన రవ్వ మెరవాలట. గుంజాను, ఏమీ లేదు. కొత్త ప్లగ్గు పెట్టినా లేదు. తడేమోనని వైరును నా కొంగుతో తుడిచాను, అయినా లేదు. దిబ్బ మీద తిప్పమ్మ మేకపిల్లను చంకనెత్తుకొని చెయ్యి ఊపుతూనే ఉంది. మొగుడు వస్తాడని అంత నమ్మకం ఆ పిచ్చితల్లికి.

చివరికి స్పానరు పట్టి, సుత్తితో తట్టి చక్రమే ఊడదీశాడు. లోపల రెండు చిన్న ముక్కలున్నాయి. అవి ఒకదానికొకటి తాకి విడిపోతుంటేనే రవ్వ పుట్టేదట. వాటి నడుమ పసుపు ముద్దకట్టి ఉంది.

"నేనే పెట్టినా గదా కమలక్కా," అన్నాడు. "నా సేతుల్తో నేనే పెట్టినా."

"ముందు తుడుసప్పా. ఏడ్సేది తరవాత," అన్నాను.

చేసుకున్నవానికి చేసుకున్నంత అని తర్వాత ఊళ్ళో కొందరన్నారు. వాళ్ళ నోట్లో మన్ను పడ! దేవుడికి పెట్టిన బొట్టది.

అగ్గిపెట్టె గరుకు పక్కతో ఆ ముక్కలను గీకి, పెట్రోలు గుడ్డతో తుడిచి, చక్రం బిగించాడు. ఈసారి ప్లగ్గు కొనన నీలంగా రవ్వ మెరిసింది. తలెత్తి చూస్తే దిబ్బ లేదు.

ప్లగ్గు బిగించి, తాడు గుంజి పోయాడు. ఆ పాడు మోటారు ఇక ఒక్కసారి కూడా తడబడలేదు. దిబ్బ ఉన్నచోట తిరుగుతూ తిప్పమ్మా తిప్పమ్మా అని గొంతు చించుకున్నాడు. ఆ మోతలో ఆమె కేక వినబడదేమోనని, అంత కష్టపడి పలికించినదాన్ని తానే ఆపేశాడు. పడవ వాలుకు కొట్టుకుపోతుంటే చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని నిలబడ్డాడు. గట్టు మీద మేమూ ఊపిరి బిగబట్టి విన్నాం. నీళ్ళ హోరు తప్ప ఏమీ లేదు.

దిగువన జయన్న ఆ పడవను పట్టి గట్టుకు లాగాడు. మోటారు వేసి ఇంకోసారి వెతుకుదాం రమ్మని తాడు అందుకోబోతే, ఉచ్చీరప్ప అతని చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దన్నా, ఎయ్యొద్దు," అన్నాడు. "నన్ను ఇననీ."