నాయనా, నల్లకుక్కా

మా నాయనకు పక్షవాతం వచ్చిన ఏడు, ఆలూరు దగ్గరున్న మా ఊరి నుంచి ఆయన్ను కర్నూలుకు మా ఇంటికి తీసుకొచ్చుకున్నాను. అమ్మ అప్పటికే లేదు. ఎడమ చేయి చచ్చుబడింది, కాలు కాస్త ఈడ్చేవాడు. అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తిన్నది మాట. పూర్తిగా పోలేదు కానీ నాలుక మడతపడి ముద్దముద్దగా వచ్చేది. ఊరి చర్చిలో ఆయన ప్రార్థన చేస్తే బయట చెప్పుల దగ్గరకు కూడా వినిపించేది. అలాంటి మనిషిని, చూడడానికొచ్చిన బంధువు ఒకాయన "ఏమంటాండావు మామా?" అని పదే పదే అడిగి, చివరకు నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆ రోజు నుంచి నాయన నోరు విప్పలేదు. నీళ్లు కావాలంటే చెంబు చూపించేవాడు.

చేతికి పట్టు రావడానికి రబ్బరు బంతి నొక్కమని ఫిజియోథెరపీ చేసే ఆమె చెప్పింది. నేను ఎదురుగా ఉన్నంతసేపు నొక్కి, పక్కకు తిరగ్గానే ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు.

వీధిలో తిరిగే నల్ల కుక్కపిల్ల ఒకటి ఎండకు తాళలేక మా వరండాలోకి దూరేది. నేను ఎంత తరిమినా అది వస్తూనే ఉండేది. ఒక మధ్యాహ్నం వంటింట్లో ఉండగా వరండాలో పెద్ద కేక వినిపించింది.

"ఏయ్! ఈడికి తే! తెస్తావా లేదా?"

చేతిలో గరిటెతోనే పరుగెత్తాను. జారిపడిన బంతిని కరుచుకుని కుక్కపిల్ల గేటు దగ్గర తోక ఊపుతోంది. నాయన కుర్చీలోంచి సగం లేచి నిలబడ్డాడు. మొహమంతా కోపం. అన్ని నెలల తర్వాత విన్న ఆ కేకకు నాకు ఏడుపొచ్చింది. నన్ను చూసి ఆయన సిగ్గుపడి మళ్లీ కూర్చున్నాడు.

ఆ తర్వాత కుక్కపిల్లను తరమలేదు. నాయన కుర్చీకి ఎడమవైపే పడుకునేది, ఎందుకో తెలియదు. మొదట్లో ఆయన ఒంగి కుడిచేత్తో దాని తల నిమిరేవాడు. అలా ఒంగడం కష్టమై, ఎడమ చేతిని జారవిడిచి దాని మెడ మీద వేయడం మొదలుపెట్టాడు. వేళ్లు మెల్లగా కదిలేవి. గోకడం ఆపితే అది ముట్టెతో ఆ చేతిని ఎత్తేది. బంతి చేయించలేని పని దాని మెడ చేయించింది.

మధ్యాహ్నాలు మాటలు వినిపించేవి. నేను తలుపు చాటునే ఆగిపోయేదాన్ని.

"ఏమప్పా, తింటివా? ఈడ శానా ఎండ ఉండాది. మా ఊర్లో అయితే ఈపాటికి కంది చేను కాడ యాపచెట్టు కింద పండుకునుందుము."

ముద్దగా వచ్చిన మాటను మళ్లీ పలికేవాడు. అది చెవి రిక్కించి వినేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"నాయనా, నాతో మాట్లాడవు. దాంతో మాట్లాడతావేం?"

"మనుషులైతే నగుతారుమ్మా. ఇది నగదు."

నేను పక్కనే నేల మీద కూర్చున్నాను. ఆ సాయంత్రం నాతోనూ మాట్లాడాడు, అమ్మ బొరుగులు నానబెట్టి చేసే ఉగ్గాని గురించి.

చలికాలం మొదట్లో ఆయనే, "ఆదివారం ఊరికి పోదాం" అన్నాడు. కారులో మా ఇద్దరి మధ్య కుక్క కూడా కూర్చుంది. చర్చిలో పాటలయ్యాక, ఎవరూ అడగకుండానే నాయన నా భుజం పట్టుకుని లేచి ప్రార్థన చేశాడు. వానల కోసం, జబ్బుపడినవాళ్ల కోసం. మాట తడబడినచోట ఆగి, మళ్లీ చెప్పాడు. జనం ఓపికగా కళ్లు మూసుకునే ఉన్నారు. బయటికొచ్చాక ఆయన ఈడు పెద్దాయన ఒకరు రెండు చేతులూ పట్టుకుని, "నీ గొంతు ఇని శానా దినాలాయనప్పా" అన్నాడు. నాయన నవ్వాడు. మూతి ఒకవైపే కదిలే ఆ నవ్వును దాచుకోవాలని ఆయనకు అనిపించలేదు.

ఎడమ చేయి పూర్తిగా బాగుపడలేదు. కానీ చొక్కా గుండీలు తనే పెట్టుకునేవాడు. పొద్దున్నే కుక్కను వెంటబెట్టుకుని వీధి చివర టీ కొట్టుదాకా పోయి, అక్కడ పదిమందితో కబుర్లాడి వచ్చేవాడు. అలా ఇంకొన్నేళ్లు బతికి, ఒక వేసవిలో నిద్రలోనే పోయాడు.

కుక్క కొన్నాళ్లు తిండి సరిగా తినలేదు. తర్వాత వంటింటి గడప దగ్గర పడుకోవడం మొదలుపెట్టింది. ఇప్పుడది ముసలిదైంది, కళ్లకు పొర కమ్మింది. రొట్టె నమల్లేదు. పెరుగన్నం మెత్తగా కలిపి పెడితే, నేను పక్కన కూర్చుంటేనే తింటుంది.