విజయ మేడమూ, పాముకాటు మందూ

మొన్న సూది వేయించుకోవడానికి వెళ్తే నర్సు మందుల ఫ్రిజ్ తలుపు తీసింది. చల్లగాలితో పాటు స్పిరిట్ వాసన గుప్పున తగిలింది. విజయ మేడం గుర్తొచ్చి, చెయ్యి చాచడం కూడా మరిచిపోయాను.

రెండువేల ఐదు ప్రాంతంలో, ఖమ్మంలో ఖానాపురం హవేలి అనే పేటలో రెండు కిరాయి గదుల్లో ఆమె సాఫ్ట్‌వేర్ ఆఫీసు నడిపేవారు. నాకు మొదటి ఉద్యోగం ఇచ్చింది ఆమే. గొంతు పెద్దది, కోపం అంతకన్నా పెద్దది. "టకటక కొట్టుడు కాదు శైలజా, జర ఆలోచన చెయ్!" అని వీధి చివరికి వినపడేలా అరిచేవారు. ఆమె అంటే నాకు హడలు.

భద్రాచలం అడవి అంచున ఉన్న ఒక చిన్న ఆసుపత్రికి ప్రోగ్రాం ఆమే స్వయంగా రాశారు. ఒకే కంప్యూటరు. అందులో డాక్టరు చూసే తెర ఒకటి, మందుల గది తెర ఒకటి. అది ఎలా నడుస్తుందో చూడటానికి మేమిద్దరం వెళ్లిన రోజే, బీడీల కోసం తునికాకు కోస్తుంటే పాము కరిచిందని ముత్తమ్మ అనే ఆమెను మంచం మీద మోసుకొచ్చారు.

డాక్టరు తన తెర చూసి, "మందుంది, మొదలుపెట్టండి" అన్నారు.

"ఏడుంది సార్? పొద్దుగాల ఆఖరుది వాడినం గద!" అంది నర్సు.

ఫ్రిజ్ ఖాళీ. మందుల గది తెరలో నిల్వ లేదు, డాక్టరు తెరలో ఉంది! ఆ తెరను నమ్మే, ఆ రోజు మందులు తెచ్చే జీపుకు పాముకాటు మందు అక్కర్లేదని చెప్పారట.

"తప్పు నాది సార్," అన్నారు మేడం. "రెండు తెరలు వేరే వేరే నిల్వ లెక్కలు చూస్తున్నయ్. జల్దీ మందు తెప్పియ్యండి, తర్వాత నన్ను తిట్టుండ్రి."

మేమొచ్చిన జీపునే భద్రాచలం పంపి, ఆమె కంప్యూటరు ముందు కూర్చున్నారు. తెరుచుకున్న ప్రతి తెరా తనకోసం కొత్త నిల్వ లెక్కను తయారు చేసుకుంటోంది. ఒకచోట తగ్గితే రెండోదానికి తెలియదు. ఆమె ప్రోగ్రాంలోని ఆ వరుసలు తీసేసి, అది మొదలవగానే ఒక్క నిల్వ లెక్కనే తయారు చేయించి, రెండు తెరలకూ దాన్నే అందించారు.

"ఎవలకు వాళ్లు చేసుకోవద్దు శైలజా. ఒక్కటే చేసి అందరి చేతిల అదే పెట్టాలె."

మందుల తెరలో అంకె మార్చారు. డాక్టరు తెరలోనూ మారింది. నా ఒళ్లు జలదరించింది. ఒకదాన్నొకటి ఎరగని రెండు భాగాలు ఒకే లెక్కను పట్టుకున్నాయి! అమ్మో, ఇంత చిన్న తేడా మీదా ఒక ప్రాణం ఆధారపడింది అనుకున్నాను.

జీపు తిరిగొచ్చింది. సాయంత్రానికి ముత్తమ్మ కళ్లు తెరిచింది. హమ్మయ్య, ఇక బయలుదేరదామనుకుంటే మేడం నేరుగా ఆమె భర్త దగ్గరికి నడిచారు. ఆయనకేం తెలుసు, ఎందుకు చెప్పడమని కొంగు పట్టుకుని ఆపాను. విదిలించుకున్నారు.

"అన్నా, మా మిషన్ తప్పు చెప్పింది. దాన్ని రాసింది నేనే. మందు ఆలస్యమైంది నా వల్లనే."

ఆయన లోపల ముత్తమ్మ పడుకున్న మంచం వైపు చెయ్యి చూపించాడు. "అడగకముందే చెప్పినవ్ గదమ్మా. ఇగ లోపలికి పోయి దానికి గూడ చెప్పు. పానం దానిది."

అంత పెద్ద గొంతు మనిషి, ముత్తమ్మ పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, మొదటి నుంచీ మెల్లగా మళ్లీ చెప్పారు. తలుపు దగ్గర నిలబడి విన్నాను. అంతటి ధైర్యాన్ని నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

ఇప్పుడు నా కింద కొందరు పనిచేస్తున్నారు. మేం రాసినదాంట్లో తప్పు బయటపడితే, దానివల్ల ఇబ్బంది పడ్డ మనిషికే ముందు ఫోన్ చేస్తాను. అవతల రింగవుతున్నంతసేపూ, ఎత్తకపోతే బాగుండునని అనిపిస్తూనే ఉంటుంది. అయినా పెట్టేయను.