చప్పుడు లేని రోడ్డు

మా అమ్మ తాను వేసిన రోడ్ల మీద ఒక్కసారి తప్ప ఎన్నడూ ప్రయాణం చేయలేదు. ఈ మాట చెబితే చాలామంది ముందు నవ్వుతారు. నారాయణపేట దగ్గర మా ఊళ్లో మగ్గాలున్నవాళ్లు మగ్గాల మీద, చెలకలున్నవాళ్లు చెలకల మీద బతికేవాళ్లు. మా వాడకు రెండూ లేవు. గుంపు మేస్త్రి లారీ పంపిన ప్రతిసారీ మా వాడ సగం ఖాళీ అయ్యేది. దేశంలో ఎక్కడ రోడ్డు పడినా అక్కడ పాలమూరు లేబర్ ఉంటారని గొప్పగా చెప్పుకునేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అందులో గొప్పేముందో ఆ గుడిసెల్లో పెరిగిన నాకు మాత్రం అర్థం కాలేదు.

పని ఎప్పుడూ ఒకే తీరుగా సాగేది. రోడ్డు పక్కన గుడిసెలు వేసుకునేవాళ్లు. తారు పరిచి, రోలర్ తిరిగాక, గుడిసెలు విప్పి లారీలో వేసుకుని ముందుకు పోయేవాళ్లు. ఆ రోడ్డు మీద బండ్లు తిరిగే నాటికి గుంపు ఇంకో జిల్లాలోనో, ఇంకో రాష్ట్రంలోనో ఉండేది. పోయే ముందు మా గుంపులో ఒక ఆచారం ఉండేది. తారు పనికి లారీ టైరు కోసి కుట్టిన చెప్పులు వేసుకునేవాళ్లు. పని అయిపోయిన రోజు వాటిని రోడ్డు అంచున విడిచి, ఒట్టి కాళ్లతో లారీ ఎక్కేవాళ్లు. విడవకుండా వెంట తీసుకుపోతే ఆ రోడ్డు పని అయిపోనట్టేనని, అది మనిషిని వదలదని అందరికీ నమ్మకం.

తెలంగాణ వచ్చిన తర్వాత నేను డిగ్రీ పూర్తిచేసి హైదరాబాద్‌లో విమానాశ్రయం దగ్గర ఒక సరుకుల గోదాములో ఉద్యోగంలో చేరాను. ఇక పని మానెయ్యమని అమ్మను పోరుపెట్టాను. అప్పటికే ఏళ్ల తరబడి పీల్చిన తారు పొగతో ఆమెకు దమ్ము పట్టుకుంది. చివరికి, ఇంకొక్క రోడ్డు వేసి మానేస్తానని ఒప్పుకుంది. ఆ ఆఖరి రోడ్డు హుస్సేన్ సాగర్ ఒడ్డున పడింది, వేరే దేశాల నుంచి వచ్చే కార్ల పందెం కోసం.

పందెమంటే కార్లు వచ్చి, ఉరికి, పోవడమే అనుకునేదాన్ని. మా పక్క గోదాములో పెట్టెలు దిగడం మొదలయ్యాక నోరు తెరిచాను. కార్లు ఒక పెట్టెలో, టైర్లు ఒక పెట్టెలో, పానాలు, తీగలు, డేరాలు, ఆఖరికి కుర్చీలు కూడా విమానమెక్కి వచ్చాయి. దించేటప్పుడే, తర్వాత ఏ దేశానికి ఎక్కించాలో ఏర్పాట్లు నడుస్తున్నాయి. ఒక్క పూట పందేనికి ఊరంత సంసారం కదిలి వచ్చింది. వాళ్లూ మా గుంపు లాంటివాళ్లేనని, కాకపోతే వాళ్ల లారీకి రెక్కలున్నాయని నవ్వుకున్నాను.

అవతల సాగర్ ఒడ్డున డివైడర్లు పగలగొట్టి, మొక్కలు పెకలించి వేరే జాగాకు మోశారు. ట్రైలర్ల మీద కాంక్రీటు దిమ్మెలు వస్తే, క్రేన్లు వాటిని ఒకదానికొకటి ఆనించి గోడలాగా నిలబెట్టాయి. వాటి మీద ఇనుప జాలీ బిగించారు. జనం కూర్చోవడానికి ఇనుప మెట్లు లేచాయి. రోడ్లు మూసేస్తే ఆఫీసులకు పోయేవాళ్లు చుట్టూ తిరిగి పోతూ తిట్టుకున్నారు. ఈ ఖర్చు దండగా, లాభమా అని పేపర్లలో వాదనలు నడిచాయి. అదంతా తేల్చుకునేవాళ్లు వేరే ఉన్నారు. నాకు తెలిసిన ఖర్చు మా అమ్మ ఊపిరి.

రోలర్ పోలేని అంచుల్లో, మ్యాన్‌హోల్ మూతల చుట్టూ తారును చేత్తో సర్ది, దిమ్మిసతో కొట్టడం అమ్మ పని. చదునుగా ఉందో లేదోనని ఇంజనీర్లు రోడ్డు మీద పొడుగాటి ఇనుప పట్టీ ఆనించి చూసేవాళ్లట. పట్టీ కింద సన్నని వెలుతురు కనిపించినా మళ్లీ తవ్వించేవాళ్లట. అంతకుముందు ఏ రోడ్డు గురించీ ఇంట్లో మాట్లాడని మనిషి ఈ రోడ్డు ముచ్చట తప్ప ఇంకోటి ఎత్తేది కాదు.

"గా బండ్లు నా జాగ మీదికెల్లి పోంగ ఒక్కసారి చూడాలె బిడ్డా. మంచిగ పడ్డదో లేదో గప్పుడే తెలుస్తది," అంది ఒక రోజు నా గదిలో అన్నం తింటూ.

పందెం చూడటానికి గుంపునంతా లోపలికి రానిస్తారని మేస్త్రి చెప్పాడు. పని ముగిశాక ఆ మాట ఎటు పోయిందో తెలియదు. చెప్పులు విడవబోతే అక్కడి సూపర్‌వైజర్ ఆపాడట. గులకరాయి ఉన్నా కారు టైరు పగులుతుందట, అక్కడ ఏదీ వదలకూడదట. అమ్మ ఆ చెప్పులను ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని నా గదికి వచ్చింది. పని అయిపోలేదని దిగులుపడింది.

పందెం రోజు నేనే ఆమెను తీసుకుపోయాను. ఒక పక్క సందు చివర దిమ్మెల గోడ వచ్చింది. దాని మీది జాలీకి గుడ్డ కట్టి ఉంది. అమ్మ ఆయాసం చూసి అక్కడి కానిస్టేబుల్ మమ్మల్ని ఫుట్‌పాత్ మీద కూర్చోనిచ్చాడు. ఏమీ కనిపించలేదు. లారీల మధ్య బతికిన అమ్మ ఒక పెద్ద మోత కోసం చెవులు రిక్కించి కూర్చుంది. మైకులు అరిచాయి, జనం చప్పట్లు కొట్టారు, మధ్య మధ్య సన్నని ఈల లాంటిది వినిపించింది. అది క్రేన్ల చప్పుడేమో అంది. కాసేపటికి జనం బయటికి రావడం మొదలైంది. పందెం ఎప్పుడు మొదలవుతుందని అడిగింది. అయిపోయిందని చెప్పాను.

ఆమె నా వైపు తిరిగింది. మొఖమంతా వెలిగింది.

"అయిపోయిందా? చప్పుడే రాకపాయె. గంత మెత్తగ పోయినయా నా రోడ్డు మీద?"

అవి బ్యాటరీ కార్లని, మట్టి రోడ్డు మీదైనా వాటి ఇంజను అరవదని నాకు తెలుసు. అమ్మ మొఖంలో అలాంటి సంతోషం నేనెన్నడూ చూడలేదు. ఔనన్నట్టు తలూపాను.

అమ్మ ఊరికి పోయి వాడంతా చెప్పుకుంది. ఆ రోడ్డు మీద బండి పోతే చీమ నడిచినట్టేనని పిల్లలకు కూడా చెప్పేది. టైరు చెప్పులను దర్వాజా పక్కన మేకుకు తగిలించింది. మళ్లీ పందెం వస్తే పోయి విడుస్తానంది. మరుసటి ఏడు పందెం రాలేదు. సాగర్ ఒడ్డున దిమ్మెలు తీసేశారు, డివైడర్లు మళ్లీ లేచాయి.

ఇంతలో నారాయణపేటకు బ్యాటరీ ఆటోలు వచ్చాయి. ఒకరోజు సంత నుంచి అమ్మ అలాంటి ఆటో ఎక్కింది. బస్టాండు వెనకాల గుంతల రోడ్డు మీద ఆటో ఎగిరెగిరి పడుతున్నా ఇంజను చప్పుడు లేదు. ఎందుకు లేదని డ్రైవరును అడిగితే, బ్యాటరీదని, ఇప్పుడు కార్లు కూడా ఇట్లాంటివే వస్తున్నాయని చెప్పాడట. ఆదివారం నేను ఊరికి పోయేసరికి గడప మీద కూర్చుని ఉంది.

"గా పొద్దు చప్పుడు రానిది నా రోడ్డుతోని కాదా బిడ్డా?"

అబద్ధమాడాలనుకున్నాను కానీ నోరు రాలేదు. "కాదమ్మా. గవి గూడ బ్యాటరీ బండ్లే," అన్నాను.

అమ్మ గడప మీది నుంచి లేచింది. మేకుకున్న చెప్పులు తీసి నీళ్ల గాబు వెనక పడేసింది. తిట్టినా బాగుండేదని ఆ రోజంతా ఏడుపొచ్చింది నాకు. ఆ తర్వాత ఆమె రోడ్డు ముచ్చట ఎత్తలేదు.

చలికాలం రాగానే దమ్ము ఎక్కువైంది. హైదరాబాద్ దవాఖానకు తీసుకుపోదామని ఊరికి వచ్చాను. బయల్దేరేటప్పుడు చూస్తే ఆమె కాళ్లకు, గాబు వెనక పడేసిన ఆ టైరు చెప్పులున్నాయి, ఎండిన తారు ముద్దలతో సహా. పెద్దదవాఖానకు ఈ అవతారమేమిటని కోప్పడ్డాను. వినిపించుకోలేదు.

హైదరాబాద్‌లో దిగి సిటీ బస్సెక్కాం. అది పాత డొక్కు బస్సు. కిటికీ అద్దాలన్నీ గడగడలాడుతుంటే కండక్టర్ ఏమడుగుతున్నాడో వినపడలేదు. బస్సు సాగర్ ఒడ్డుకు తిరిగింది. అది పందెం జరిగిన రోడ్డని నాకు గుర్తే లేదు. అమ్మ మాత్రం దీపస్తంభాలను చూసుకుంటూ, అద్దం మీద అరచెయ్యి ఆనించింది. అద్దంతో పాటు ఆమె చెయ్యీ వణుకుతోంది. ఒక మలుపు దాటాక ఆ వణుకు ఆగింది. బస్సంతా గడగడ తగ్గింది. కండక్టర్ గొంతు, వెనక సీట్లో పసిపిల్ల ఏడుపు స్పష్టంగా వినిపించాయి. అమ్మ చెయ్యి అద్దం మీద కదలకుండా ఉంది. కాసేపటికి అద్దాలు మళ్లీ గడగడ మొదలుపెట్టాయి.

"గీ ముక్క నాది," అంది.

తర్వాతి స్టాపులో గబగబా దిగేసింది. దవాఖాన ఇంకా దూరముందని గొణుగుతూ నేనూ దిగాను. ఆమె వెనక్కి నడిచి, ఆ మలుపు దగ్గర రోడ్డు అంచున చెప్పులు విడిచింది. రెండింటినీ కాలితో జరిపి పక్కపక్కన పెట్టింది. తారు కాల్చిన ఆ పాదాలను చూస్తూ నిలబడ్డాను.

"అయిపోయింది బిడ్డా. పోదాం పా," అంది.

ముందు తనే నడిచింది, ఒట్టి కాళ్లతో, ఊపిరి కోసం ఆగి ఆగి. ఈసారి ఎక్కడానికి లారీ లేదు.