రాజవ్వ కడుపుమంట

1950 ఎండాకాలంలో నన్ను మరిపెడ దగ్గర ఒక చిన్న సర్కారు దవాఖానకు డాక్టరుగా వేశారు. చదువు కొత్తది, స్టెతస్కోపు అంతకన్నా కొత్తది. కంపౌండరు యాకూబ్ సాబ్ నా కింద పనిచేసేవాడు. హోదాలో మాత్రమే కింద.

రాజవ్వ అనే ముసలామె మోకాళ్ల నొప్పులని వచ్చింది. ఆమె కొడుకు కమ్యూనిస్టుల సంఘంలో కలిసి కొత్తగూడ అడవుల్లోకి పోయాడని ఊరంతా తెలుసు. వాళ్లను పట్టుకోవడానికి క్యాంపు వేసిన పోలీసులకు ఇంకా బాగా తెలుసు. సాలిసిలేట్ మిక్స్చర్ రాసిచ్చాను. కీళ్ల నొప్పులకు అప్పట్లో మా చేతిలో ఉన్నది అదే.

పదిహేను రోజులకు మళ్లీ వచ్చి, "కడుపుల మండుతాంది సారూ" అంది.

కొడుకు మీద బెంగ అనుకున్నాను. "వస్తడవ్వా, ధైర్యంగా ఉండు" అని ఓదార్చి, అదే మిక్స్చర్ మళ్లీ రాశాను. ఓదార్చడంలో నాకు మంచి పేరుండేది, ముఖ్యంగా నా దృష్టిలో.

మూడోసారి ఆమెను మంచం మీద మోసుకొచ్చారు. కనురెప్పల లోపల తెల్లగా పాలిపోయింది, నాడి సన్నగా పరుగెడుతోంది. నేను మళ్లీ ధైర్యం చెప్పబోతుంటే యాకూబ్ సాబ్ అడ్డుపడ్డాడు.

"అవ్వా, దొడ్డికి ఎట్ల పోతున్నవ్?"

"కాటుక లెక్క, నల్లగ."

"మా మందు గాక ఇంకేమన్న మింగుతున్నవా?"

రొండిలోంచి పొట్లం తీసింది. అంగడిలో కొన్న ఏపీసీ బిళ్లలు. "సీసా మందు కాళ్లకు, గిది తలకాయకు. రెండు వేరే గదా!"

వేరే కాదు. బిళ్లలోని ఆస్పిరిన్, మా సీసాలోని సాలిసిలేట్ ఒకే కుటుంబం. కడుపు తనలో ఊరే పులుపు తననే తినకుండా లోపలి పొరకు జిగురు పూసుకుంటుంది. ఈ రెండూ కలిసి ఆ కాపలాను తీసేస్తాయి. పొర పుండై నెత్తురు కారుతుంది. కడుపు పులుపుకు నల్లబడిన ఆ నెత్తురే కాటుక. పైగా ఆమె రెండూ ఖాళీ కడుపుతోనే మింగుతోంది. తన బువ్వ మూటగట్టి ఎటు మోసుకుపోతోందో, అందుకు మోకాళ్లు ఎందుకంత అవసరమో నేను అడగలేదు.

రక్తం ఎక్కించే వసతి మా దగ్గర లేదు. వరంగల్ దాకా ఎడ్లబండి కుదుపులకు ఆమె బతకదు. రెండు మందులూ ఆపి, కదలకుండా పడుకోబెట్టి, గంటగంటకూ చెంచాతో పాలు, పులుపు విరిచే పొడి ఇచ్చాం. పాలు పట్టింది ఎక్కువగా యాకూబ్ సాబే.

నాలుగో రోజు కళ్లు తెరిచి నన్ను చూసింది. "నా కొడుకు గురించి నువ్వెందుకు గంత పరేషాన్, సారూ? వాడు మంచిగనే ఉన్నడు. మంట నాకు."

కొడుకు సంగతి నేను వినలేదు. సర్కారు ఉద్యోగిని కదా.

ఆ తర్వాత నొప్పి మందు రాసే ముందు రోగి ఇంట్లో ఉన్న మందు పొట్లాలన్నీ తెప్పించి చూసేవాణ్ని. రోగి మాటను మొదట ఉన్నదున్నట్టే తీసుకోవాలి. అందులో కవిత్వం ఏమైనా ఉంటే, మలం సంగతి అడిగాక చూసుకోవచ్చు.