క్లెమెంట్ టిబ్బిట్స్ గెలిచిన గేటు కేసు

మా హెరెఫర్డ్ ప్లీడర్లలో క్లెమెంట్ టిబ్బిట్స్ అంత గొప్పలకు పోయే మనిషి ఇంకొకడు లేడు. ఆ గొప్పలన్నీ ఒకే ఒక్క కేసు గురించి. కుర్రతనంలో లండన్ అప్పీలు కోర్టులో గెలిచాడు. తోట యజమాని ఏడాదికి ఒక్క రోజు గేటు మూస్తే చాలు, మిగతా రోజులు దయతలచి నడవనిచ్చినట్టే లెక్క, ఎన్నేళ్లు నడిచినా ఆ దారి మీద ఎవరికీ హక్కు పుట్టదని వాదించాడు. మూసినప్పుడు ఎవరూ చూడకపోయినా సరేనన్నాడు. పెద్ద జడ్జీలు అతని మాటలనే తీర్పులోకి ఎత్తి రాశారు. ఇక క్లెమెంట్ కాళ్లు నేలమీద ఆనలేదు. పబ్బులో రెండో గ్లాసు సైడర్ దిగిందంటే ఆ కథ వినక మాకు తప్పేది కాదు.

మా దగ్గర కింది కోర్టు జడ్జికి ఎంత బుర్ర ఉన్నా, పై కోర్టు ఒకసారి చెప్పేసిన సంగతిలో దాన్ని వాడే వీల్లేదు. తప్పించుకోవాలంటే ఈ కేసు వేరు, ఆ కేసు వేరు అని చూపించాలి. అక్కడిది గుర్రం, ఇక్కడిది గాడిద అని నిరూపించుకుంటూ మేమంతా బతికేస్తున్నాం.

అలాంటి క్లెమెంట్ దగ్గరికి ఎనిడ్ ప్రోబర్ట్ అనే ముసలావిడ వచ్చింది. పెళ్లయి వచ్చిన నాటినుంచీ పక్కింటి బఫ్టన్ ఆపిల్ తోటలోంచే బస్సుకు వెళ్లేది. ఇప్పుడతను గేటుకు తాళం వేశాడు. చుట్టూ తిరిగి వెళ్లాలంటే నిటారు గుట్ట, ఆవిడ మోకాళ్లు చూస్తే అరిగిపోయాయి. దారి పోతే ఇల్లు వదలాల్సిందే. బఫ్టన్ మాత్రం ప్రతి క్రిస్మస్‌కూ గేటు మూశానన్నాడు. ఆ పూట ఆవిడ చెల్లెలింట్లో టర్కీ కోడి తింటూ ఉండేది, ఆ సంగతే తెలియదు.

కోర్టులో క్లెమెంట్ తన పాత గెలుపే గుర్రం, ఈ కేసు గాడిద అని చూపించడానికి లేచాడు. చూడ్డానికి సరదాగానే ఉంది, కానీ నాకు జాలేసింది. ఆ కేసులో గేటుకు తాళం వేశారు, బఫ్టన్ ఉత్త తాడు కట్టాడు, అది మూయడం కాదన్నాడు.

జడ్జి హారియట్ పాత తీర్పు తిరగేసింది. "తాళమైనా తాడైనా, మూసిన గేటు మూసిన గేటే. ఈ మాట ఎవరిదండీ, టిబ్బిట్స్ గారూ?"

"నాదేనండీ."

ఆవిడ ఎనిడ్ వైపు తిరిగింది. "నాకిది అన్యాయంగానే ఉందమ్మా. కానీ ఆ తీర్పు దాటడానికి నాకు అధికారం లేదు."

అప్పీలు కోర్టుకు వెళ్లినా అది తన పాత మాట మీదే నిలబడుతుంది. మార్చగలిగేది ఆ పైనున్న సుప్రీంకోర్టే. అంతదూరం పోయే ఓపిక తనకు లేదని ఎనిడ్ అక్కడే చెప్పేసింది.

బయట వరండాలో క్లెమెంట్ క్షమాపణ అడిగాడు. ఆవిడ తిట్టలేదు, కోటు బొత్తాలు పెట్టుకుంటూ అడిగింది.

"అప్పట్లో అంత బాగా వాదించావా, బాబూ?"

"అవునండీ."

"కాస్త అధ్వానంగా వాదించాల్సింది."